బెత్తెడు దూరం

కోరస్ గాయనులం రికార్డింగ్ థియేటర్లో రోజూ వినే మాటలు రెండు. ఒకటి "వెనక్కి జరగమ్మా". రెండోది "ఇంకొంచెం దగ్గరకి రామ్మా". గుంపుగా పాడేటప్పుడు మమ్మల్ని మైకుకి దూరంగా వరసలో నిలబెడతారు. పాట మధ్యలో ఒక నవ్వో నిట్టూర్పో కావలసివస్తే మాత్రం మాలో ఒకరిని పిలిచి, మైకుకి బెత్తెడు దూరంలో నిలబెట్టి, "కాస్త హస్కీగా ఇవ్వమ్మా" అంటారు. అలాంటి ముక్కలు నేను చాలానే ఇచ్చాను. ఆ బెత్తెడు దూరానికి ఒక చరిత్ర ఉందని, అందులో పెద్ద భాగం ఫ్రాన్స్‌లో జరిగిందని నాకు తెలిసింది మాత్రం ఒక ఆల్బమ్ వల్ల.

ఆల్బమ్ పేరు 'సెక్సువాలిటీ'. 2008 ఫిబ్రవరి 25న వచ్చింది. పాడింది సెబాస్టియన్ తెలియే. పారిస్ శివార్లలో ల ప్లెసీ-బుషార్ అనే చిన్న ఊళ్ళో 1975లో పుట్టాడు. నిర్మాణం చూసుకున్నది డాఫ్ట్ పంక్ అనే డాన్స్ సంగీత జంటలో ఒకడైన గీ-మాన్యుయెల్ ద ఓమెం-క్రిస్టో. మొత్తం 11 పాటలు, అన్నిటికీ వస్తువు ఒకటే: కోరిక. నేను పాడే థియేటర్లో సౌండ్ ఇంజినీర్ స్పీకర్లు సరిచూసుకోవాలంటే ఇందులో మొదటి పాట 'రోష్' వేస్తాడు. బేస్ ఎంత లోతుకి దిగుతోంది, గొంతు ఎదురుగా వచ్చి నిలబడుతోందా లేదా అని ఆ పాటతో తేల్చుకుంటాడు. అలా నా చెవిన పడింది.

బియారిట్జ్ సముద్రతీరంలో వేసవిని తలుచుకునే పాట అది. తెలియే గొంతెత్తి పాడడు. మనిషి పక్కన కూర్చుని మాట్లాడే స్థాయిలోనే పాడతాడు. చుట్టూ సింథసైజర్ స్వరగుచ్ఛాలు నెమ్మదిగా విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడం వెనక ఉన్న పని ఫిల్టర్‌ది. ఫిల్టర్ మూసి ఉంచితే పై స్థాయి మెరుపంతా ఆగిపోయి, శబ్దం గోడకి అవతల నుంచి వచ్చినట్టు మెత్తగా ఉంటుంది. బొత్తాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ తెరిస్తే అదే స్వరం మన దగ్గరకి నడిచి వస్తున్నట్టనిపిస్తుంది. స్వరం మారదు, తాళం మారదు. దూరం మాత్రమే మారుతుంది. ఆల్బమ్ మొత్తం ఈ దూరంతోనే ఆడుకుంటుంది.

ఇంకోటి, తొందర లేకపోవడం. క్షేత్రయ్య పదాలు నేర్పిన మా గురువుగారు చౌకకాలం తప్పితే ఒప్పుకునేవారు కారు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకపోతే నాయిక ఏం తలుచుకుంటోందో వినేవాళ్ళకి ఎలా తెలుస్తుందనేవారు. తెలియే పాటల్లో ఆ ఖాళీ పుష్కలంగా ఉంది. డాన్స్ ఫ్లోర్ సంగీతం తయారుచేసిన మనిషే నిర్మాతగా ఉండి కూడా డ్రమ్ముని ఎక్కువచోట్ల వెనక్కి నెట్టి ఉంచాడు. ఈ ఓపిక ఒక్క మనిషికి ఒక్కరోజులో వచ్చింది కాదు. ఫ్రాన్స్‌లో శృంగారమూ యంత్రమూ కలిసి పాడటం 2008 నాటికి ఎనభై ఏళ్ళ సంగతి.

ముందు మైకు గురించి చెప్పాలి. మైకు రాకముందు పాటగాడి పని హాల్లో చివరి బెంచీ దాకా గొంతు చేర్చడం. ఆ గొంతుతో ఎవరికీ గుసగుస చెప్పలేం. 1936లో పారిస్‌లోని బోబినో హాల్లో జాన్ సాబ్లోన్ అనే గాయకుడు మైకు పెట్టుకుని పాడితే విమర్శకులు ఎగతాళి చేశారు. గొంతు లేనివాడికే ఆ పరికరం కావాలన్నారు. వాళ్ళు గమనించనిది ఒకటుంది. ఒకవైపు నుంచే వినే రకం మైకుకి నోరు దగ్గరయ్యేకొద్దీ గొంతులో కింది స్థాయి బరువు పెరుగుతుంది. జానెడు దూరంలో మామూలుగా ఉన్న గొంతు బెత్తెడు దూరానికి వచ్చేసరికి వెచ్చగా, గుండెలోంచి వస్తున్నట్టు తయారవుతుంది. పెదవులు విడివడే చప్పుడు, పళ్ళ మధ్య నుంచి జారే గాలి కూడా వినపడతాయి. ఎదుటి మనిషి ఊపిరి మనకి అంత దగ్గరగా వినిపించేది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరిది. మైకు దాన్ని ఊరందరికీ వినిపించింది.

రెండో వైపు నుంచి యంత్రం వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసిన మొరీస్ మార్తెనో చెల్లో కూడా వాయించేవారు. రేడియో వాల్వుల కూతలోంచి సంగీతం తీయవచ్చని ఆయనకి తోచి, 1928లో పారిస్‌లో ఒక కొత్త వాద్యాన్ని లోకానికి చూపించారు. దాన్ని ఓంద్ మార్తెనో అంటారు. కుడిచేతి చూపుడువేలికి ఉంగరం తొడుక్కుని, దానికి కట్టిన తీగని అటూ ఇటూ జరిపితే స్వరం జారుతూ పోతుంది, మన గమకంలాగే మెట్లు లేకుండా. ఎడమచేతి కింద ఒక చిన్న మీట ఉంటుంది. దాని మీద వేలు ఎంత నెమ్మదిగా ఆనిస్తే శబ్దం అంత నెమ్మదిగా పుడుతుంది. నొక్కు పెంచితే పెరుగుతుంది. వేలు వదిలేస్తే మౌనం. విద్యుత్తుతో పనిచేసే వాద్యాల తొలినాళ్ళలోనే, స్పర్శ లేకపోతే నోరు విప్పని వాద్యాన్ని ఒక ఫ్రెంచి మనిషి తయారుచేశాడంటే నాకు అది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

ఆ వాద్యాన్ని ప్రేమకి వాడినవారు స్వరకర్త ఒలివియే మెసియాన్. ఆయన 'తురంగలీల' సింఫనీ 1949లో బోస్టన్‌లో మొదటిసారి వినిపించింది. మార్తెనో చెల్లెలు జినెత్ ఆ వాద్యం దగ్గర కూర్చున్నారు. పది భాగాల ఆ సింఫనీ అంతా ప్రణయమే. పేరు మనకి తెలిసినట్టుంటుంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో చెప్పిన దేశీతాళాల్లో ఒకదాని పేరు అది. ఆ తాళాల పట్టికని మెసియాన్ ఏళ్ళ తరబడి చదువుకున్నారు.

ఆ మధ్యకాలంలోనే ఫ్రెంచ్ ప్రభుత్వ రేడియోలో పియెర్ షేఫర్ అనే ఇంజినీరు వేరే పనిలో ఉన్నారు. బాతిన్యోల్ స్టేషన్‌లో రైలింజన్ల చప్పుళ్ళు రికార్డు చేసుకొచ్చి, వాటిని ముక్కలు చేసి, మళ్ళీ అతికి, 1948 అక్టోబర్ 5న రేడియోలో వినిపించారు. అప్పటికి ఆయన దగ్గర టేపు లేదు, గ్రామఫోను రికార్డులే. షేఫర్ రికార్డు మీద గాడిని చుట్టూ తిప్పి దాని మొదటికే కలిపేశారు. ముల్లు ముందుకి పోదు. అదే ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఈనాడు కంప్యూటర్లో ఒక్క మీట నొక్కి మేం చేసే లూప్‌కి తాత అదే. పదే పదే తిరిగే శబ్దంలో మత్తు ఉందన్న సంగతి డిస్కో వాళ్ళకంటే ముందు ప్రభుత్వోద్యోగి ఒకాయన కనిపెట్టాడు.

షేఫర్‌తో పియెర్ ఆన్రీ అనే కుర్రవాడు చేరాడు. ఇద్దరూ కలిసి చేసిన 'ఒంటరి మనిషి సింఫనీ' 1950 మార్చి 18న పారిస్‌లో వినిపించింది. మనిషి శరీరం చేయగల చప్పుళ్ళే అందులో ముడిసరుకు: అడుగులు, ఈల, ఊపిరి, నవ్వు, కూనిరాగం, అర్థం తెగిన మాటలు. అందులో ఒక చిన్న భాగం పేరు 'ఎరోటికా'. ఆడగొంతు ముక్కలు కొన్ని నవ్వుగానూ కొన్ని మూలుగుగానూ తిరుగుతూ ఉంటాయి. నిమిషం దాటి కొంచెం ఉంటుందేమో, అంతే. తెలియే ఆల్బమ్‌కి తాతముత్తాతలని వెతికితే నేను ముందు దీని దగ్గరే ఆగుతాను. రాగం లేదు, మాట లేదు. ఊపిరిని కోసి తాళంలో పెట్టారు. ఆ గొంతు ఎవరిది? ఆ ప్రశ్న పట్టుకునే ఉంటాను, తర్వాత దాని దగ్గరికి వస్తాను.

ఇక గాయకుడు సెర్జ్ గేన్స్‌బూర్. ఈయన దగ్గర ఎక్కువసేపు ఉండక తప్పదు.

'జ తెమ్ మ్వా నో ప్లూ' పాటని అతను 1967లో సినీనటి బ్రిజిత్ బార్దోతో రికార్డు చేశాడు. ఆమె భర్త ఆగ్రహించడంతో బయటికి తేవద్దని ఆమె బతిమాలింది. 1986 దాకా అది పెట్టెలోనే ఉండిపోయింది. తర్వాత అతని జీవితంలోకి వచ్చిన ఇంగ్లీషు యువతి జేన్ బిర్కిన్‌తో అదే పాటని లండన్‌లో మళ్ళీ చేశాడు. అది 1969లో విడుదలైంది. బిర్కిన్‌కి 22 ఏళ్ళు. బార్దో పాడిన దానికంటే ఒక స్థాయి పైన పాడమన్నాడు, చర్చి కోరస్‌లో పాడే పిల్లవాడి గొంతులా ఉండాలన్నాడు. నేను పాడే మనిషిని కాబట్టి ఈ నిర్ణయం విలువ నాకు తెలుస్తుంది. స్త్రీ గొంతు పైస్థాయిలో నెమ్మదిగా పాడాలంటే ఊపిరి ఎక్కువ వదలాలి. స్వరం పలచబడి గాలి మిగులుతుంది. మైకు దగ్గర ఆ గాలి స్వరం కంటే ముందు చెవికి చేరుతుంది. గేన్స్‌బూర్ మాత్రం కింద, మాటకీ పాటకీ మధ్య గొంతులో, ఏమీ పట్టనట్టు పలుకుతాడు. వెనక ఆర్గన్ ఒక సాదా వరస వాయిస్తూ ఉంటుంది. చివర వచ్చే మూలుగులు లోకానికి గుర్తుండిపోయాయి కానీ, ఆ పాట పని అంతకు ముందే అయిపోయింది. ఆ రెండు గొంతుల మధ్య ఎడమే పాట.

బీబీసీ వెయ్యనంది. ఇటలీలో నిషేధించారు. వాటికన్ పత్రిక తిట్టిపోసింది. బ్రిటన్‌లో పాట రెండో స్థానంలో ఉండగా రికార్డు కంపెనీ భయపడి దాన్ని వెనక్కి తీసుకుంటే, మేజర్ మైనర్ అనే చిన్న కంపెనీ హక్కులు కొని మళ్ళీ వేసింది. 1969 అక్టోబర్‌లో అది మొదటి స్థానానికి చేరింది. మంచం కింద మైకు పెట్టి రికార్డు చేశారన్న పుకారు ఆ రోజుల్లోనే పుట్టి ఇప్పటికీ బతికే ఉంది. బూత్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కసారి నిలబడిన వాళ్ళెవరూ ఆ పుకారు నమ్మరు. ఊపిరిని స్వరంలోకి, తాళంలోకి దింపి, పక్కవాడి గొంతు మీద పడకుండా పలకడం ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పనో మాకు తెలుసు. బిర్కిన్ చేసింది ఆ పని. దాన్ని పనిగా చూసినవాళ్ళు తక్కువ.

రెండేళ్ళకి, 1971లో, గేన్స్‌బూర్ 'మెలడీ నెల్సన్ కథ' చేశాడు. అరగంట కూడా ఉండదు. వాద్యగోష్ఠి కూర్చింది జాన్-క్లోద్ వానియే. గొంతూ బేస్ గిటారూ చెవి పక్కనే ఉంటాయి. వయొలిన్లూ కోరస్సూ ఎక్కడో దూరాన లేస్తాయి. దగ్గరనీ దూరాన్నీ ఇలా ఒకే పాటలో పక్కపక్కన పెట్టడం తర్వాతి ఫ్రెంచ్ కుర్రాళ్ళందరికీ బడి అయింది. విడుదలైనప్పుడు అది పెద్దగా అమ్ముడుపోలేదు.

డెబ్బైల సంగతి త్వరగా చెప్పేస్తాను. బిర్కిన్ పాట స్ఫూర్తితోనే డోనా సమ్మర్ 1975లో జార్జియో మొరోడర్‌తో మ్యూనిక్‌లో ఊపిరి పాట చేసింది. అది ఫ్రాన్స్‌కి తిరిగొచ్చేసరికి డ్రమ్ము వాయించే సెరోన్ 1976లో రికార్డుకి ఒక వైపంతా నిండే 16 నిమిషాల డిస్కో పాట తెచ్చాడు. ఆడవాళ్ళ కబుర్లతో మొదలై మూలుగుల్లో తేలుతుంది. నాకది నచ్చదు, మోత ఎక్కువ, ఓపిక తక్కువ. అదే ఏడాది డిసెంబర్‌లో జాన్-మిషెల్ జార్ 'ఆక్సిజన్' వచ్చింది. షేఫర్ నడిపిన పరిశోధక బృందంలో నేర్చుకున్న కుర్రవాడే జార్. తన ఫ్లాట్‌లో వంటగదిని స్టూడియో చేసుకుని, 8 ట్రాకుల టేపు మీద దాన్ని పూర్తిచేశాడు. అందులో మనిషి గొంతు లేదు. కానీ ఆర్గన్ శబ్దాన్ని గిటారువాళ్ళు వాడే ఫేజర్ పెట్టెలోంచి పంపి అలలా ఊగించాడే, ఆ ఊపు తెలియే ఆల్బమ్ నిండా ఉంది. జార్ అంతకుముందే క్రిస్టోఫ్ అనే గాయకుడికి పాటలు రాసేవాడు. 1974లో వచ్చిన 'లె మో బ్లో' సాహిత్యం జార్‌దే. ప్రేమ చెప్పలేక తడబడే మగవాడి పలచని గొంతు క్రిస్టోఫ్‌ది. తెలియే పాడుతుంటే నాకు గేన్స్‌బూర్ కంటే క్రిస్టోఫ్ ఎక్కువ గుర్తొస్తాడు.

తర్వాతి ఘట్టానికి చోటు వెర్సాయ్. రాజుల కోట ఉన్న ఊరు. కోట చూసి టూరిస్టులు వెళ్ళిపోయాక అక్కడ మిగిలేది ఉద్యోగస్తుల నిశ్శబ్దం. పడుచువాళ్ళకి రాత్రి పోవడానికి చోటు లేదు. పారిస్ రైలెక్కాలి, లేదా గదిలో కూర్చుని ఏదో ఒకటి వాయించుకోవాలి. అలా గదుల్లో కూర్చున్నవాళ్ళలో నికొలా గొదాన్, జాన్-బెన్వా దంకెల్, అలెక్స్ గోఫర్, ఎతియెన్ ద క్రెసీ ఉన్నారు. వాళ్ళ తర్వాత ఫీనిక్స్ బ్యాండ్ కుర్రాళ్ళు వచ్చారు. గొదాన్ ఆర్కిటెక్చర్ చదివాడు. అతని తొలి ట్రాకుల్లో ఒకటి ల కొర్బూజియే కొలతల పద్ధతి పేరు పెట్టుకున్న 'మొద్యులోర్'. దంకెల్ లెక్కలూ ఫిజిక్సూ చదువుకున్నవాడు. ఇద్దరూ కలిసి ఎయిర్ అనే బ్యాండ్ అయ్యారు. 1998 జనవరిలో 'మూన్ సఫారీ' తెచ్చారు.

అప్పటికి పాత అనలాగ్ సింథసైజర్లంటే జనానికి మోజు పోయింది. అటక మీద పడేసిన మినీమూగ్‌లు, సోలీనా అనే తీగల శబ్దపు పెట్టె, ఫెండర్ రోడ్స్ పియానో వీళ్ళు కిందికి దించారు. ఆ సోలీనా నిజమైన వయొలిన్‌లా ఉండదు. వయొలిన్‌ని తలుచుకుంటున్నట్టు ఉంటుంది. దాని పక్కన అబ్బే రోడ్‌లో డేవిడ్ విటేకర్ కూర్చిన అసలు వయొలిన్లు కూడా పెట్టారు. ఆ ఆల్బమ్ మొదటి పాట 'లా ఫామ్ దార్జాన్'లో మాటే లేదు. బేస్ గిటార్ ముందు నడుస్తూ ఉంటుంది, మెలడీ నెల్సన్ బేస్‌కి సొంత తమ్ముడిలా. అది వింటే వెర్సాయ్ గదుల నిశ్శబ్దం ఎందుకు పనికొచ్చిందో అర్థమవుతుంది. పక్కింటివాళ్ళు పడుకున్నారని తెలిసినవాళ్ళు చేసిన సంగీతం అది. మోత పెంచే దారి లేదు కాబట్టి దగ్గరతనం పెంచారు.

ఆ ఎయిర్ వాళ్ళే 2000లో మార్క్ తేసియే ద్యు క్రోతో కలిసి రికార్డ్ మేకర్స్ అనే చిన్న సంస్థ పెట్టారు. వాళ్ళు ముందుగా చేరదీసిన గాయకుడు సెబాస్టియన్ తెలియే. 2001లో మొదటి ఆల్బమ్. 2003లో సోఫియా కొపొలా 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్' సినిమాలో అతని 'ఫాంతీనో' వినిపించింది. 2004 ఆల్బమ్ 'పొలిటిక్స్'లో 'లా రితూర్నెల్' ఉంది. నైజీరియా డ్రమ్మర్ టోనీ అలెన్ తాళం మీద పియానో అలా అలా తిరుగుతూ పోతుంది. గొంతు ఎప్పుడొస్తుందో అనుకుంటూ ఉండగా ఎప్పటికో వస్తుంది. వినేవాళ్ళని ఎదురుచూడనివ్వడం అతనికి అప్పటికే తెలుసు.

'సెక్సువాలిటీ' నాటికి అతను గిటారూ అసలు డ్రమ్మూ దాదాపు వదిలేసి సింథసైజర్లకి మారాడు. ఓమెం-క్రిస్టోతో పాటు ఎరిక్ షెద్విల్ కూడా ఆ పనిలో ఉన్నాడు. డాఫ్ట్ పంక్ అంటే జనం ఎరిగింది తాళం, రోబో ముసుగులు, వేల మంది గంతులు. ఇక్కడ అదే మనిషి ఫిల్టర్ బొత్తాన్ని ఓపిగ్గా తిప్పుతూ కూర్చున్నాడు. 'సెక్సువల్ స్పోర్ట్స్‌వేర్'లో మాటల్లేవు. సింథసైజర్ స్వరాలు ఒకదాని వెంట ఒకటి చిన్న మెట్లెక్కుతూ పైకి పోతాయి. ప్రతి చుట్టులోనూ కొద్దిగా వెలుగు పెరుగుతుంది. ఎక్కడా బద్దలవ్వదు. బద్దలవుతుందేమో అనిపించే అంచున ఉంచడమే దాని శృంగారం. 'దివీన్'లో అమెరికన్ బీచ్ పాటల కోరస్‌ని గుర్తుచేసే గొంతుల వరసలున్నాయి. కోరస్ మనిషిని కాబట్టి వాటి మీద నాకు మక్కువ ఎక్కువ. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ గొంతులు ఎక్కడా ఒకదాన్నొకటి తొక్కుకోవు. మధ్యలో రెండు మూడు పాటలు సాగదీసినట్టు ఉంటాయి, ఆ మాట కూడా చెప్పాలి. కానీ చివరి పాట 'లామూర్ ఎ లా వియొలాన్స్' వీటన్నిటినీ మరిపిస్తుంది. కీబోర్డ్ మీద కొన్ని స్వరాలు. వాటి మీద అతను, నా బతుకు గురించి, నా కుర్రతనం గురించి ఏమనుకుంటున్నావో చెప్పు అని ఎదుటి మనిషిని అడుగుతాడు. అంతవరకూ కోరిక పాడిన మనిషి ఇక్కడ తన గురించి తీర్పు కోరుతున్నాడు. జవాబు మాటల్లో రాదు. గొంతు తప్పుకుంటుంది, సింథసైజర్ స్వరాలు లేచి చివరిదాకా అవే నడుస్తాయి. అంత కోరిక తర్వాత అంత భయం వినిపించే పాట నాకు ఇంకొకటి తెలియదు.

ఆ ఏడాదే మే 24న బెల్‌గ్రేడ్‌లో జరిగిన యూరోవిజన్ పోటీకి ఫ్రాన్స్ తరఫున 'దివీన్' వెళ్ళింది. పాట ఎక్కువగా ఇంగ్లీషులో ఉంది. దాంతో పారిస్‌లో గొడవ. ఫ్రాన్సువా-మిషెల్ గోనో అనే పార్లమెంటు సభ్యుడు దేశం సొమ్ముతో వేరే భాషలో పాడటమేమిటని నిలదీశాడు. మంత్రి ఒకరు కూడా గొంతు కలిపారు. 1996 నుంచి అక్కడి రేడియోలు వేసే పాటల్లో 40 శాతం ఫ్రెంచ్‌లో ఉండాలన్న నిబంధన అమల్లో ఉన్న దేశం అది. తెలియే కొన్ని ఫ్రెంచ్ పంక్తులు చేర్చి వెళ్ళాడు. గోల్ఫ్ మైదానంలో తిరిగే చిన్న బండిలో వేదిక మీదికి వచ్చాడు. వెనక పాడే ఆడవాళ్ళు అతనిలాగే గడ్డాలు పెట్టుకున్నారు. వచ్చినవి 47 పాయింట్లు. భాష మీద వాళ్ళ తపన నేను కాదనను. తెలుగు మీద నాకూ అంతే ఉంది. కానీ తమిళం, కన్నడం, హిందీ రాకుండానే ఆ భాషల పాటల్లో ఊపిరి ముక్కలు ఇచ్చిన మనిషిని నేను. ఈ ఆల్బమ్‌ని ఫ్రెంచ్ ఆల్బమ్ చేసింది మాట కాదు. షేఫర్ గాడి నుంచి, బిర్కిన్ పైస్థాయి నుంచి, వెర్సాయ్ గదుల నుంచి వచ్చిన ఆ మెల్లని నడక.

ఇందాక పట్టుకున్న ప్రశ్న దగ్గరికి వస్తాను. ఈ ఆల్బమ్‌లో 'పొమ్' అనే పాట ఉంది. అందులో ఆడ ఊపిరి వినిపిస్తుంది. 1950 'ఎరోటికా'లోనూ ఉంది. 1976లో సెరోన్ పాటలోనూ ఉంది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో పేరు మగవాళ్ళది, బొత్తాలు తిప్పినవాళ్ళది. ఊపిరి ఇచ్చిన మనిషిని లోకం రాగంతో, తాళంతో పాటు సరంజామాలో కలిపి లెక్కేసింది. బిర్కిన్ పేరైనా అట్ట మీద ఉంది. డోనా సమ్మర్ తర్వాత తన గొంతుతో ఎన్ని ఎత్తులెక్కినా, ఆ ఒక్క పాట మూలుగులే ఏళ్ళ తరబడి ఆమె వెంటపడ్డాయి. మన దగ్గర ఎల్.ఆర్.ఈశ్వరి గారిని తలుచుకోండి. క్లబ్ పాటల్లో ఆవిడ పలికించిన నవ్వు, విరుపు, ఊపిరి మరొకరు చేయలేని పని. దాన్ని సంగీతంగా గౌరవించి రాసిన వ్యాసాలు ఎన్ని చూశాం? ఆ ముక్కలు ఇచ్చాక బూత్‌లోంచి బయటికొస్తే, ఇప్పటిదాకా మామూలుగా మాట్లాడినవాళ్ళే కళ్ళు తప్పించుకోవడం నాకు అనుభవమే. పాట బయటికొచ్చినప్పుడు పేర్ల పట్టికలో ఆ ముక్క ఎవరిదో ఉండదు. అందుకే ఈ ఆల్బమ్‌ని నేను ప్రేమించేది కూడా ఒక బాధతోనే.

ఫ్రాన్స్‌లోనే ఇంకో దారి కూడా ఉండేది. ఫ్రాన్సువాజ్ ఆర్దీ 1973లో 'మెసాజ్ పెర్సొనెల్' పాడింది. బాణీ మిషెల్ బెర్జేది. మొదట్లో ఫోనులో చెబుతున్నట్టు సాగే మాటలు మాత్రం ఆర్దీ సొంతంగా రాసుకున్నవి. అదీ మైకుకి అంతే దగ్గర, అంతే నెమ్మది. కానీ చెప్పాలనుకున్నది చెప్పడానికి జంకే ఒక మనిషి అందులో ఉంది, ఆమెకో మనసుంది. శృంగారానికి అది తక్కువైందని ఎవరూ అనలేరు.

ఆ దారిలోకి ఈ కథ మళ్ళీ వచ్చింది షార్లోత్‌తో. గేన్స్‌బూర్, బిర్కిన్‌ల కూతురు. 2006లో ఆమె ఆల్బమ్ '5:55'కి బాణీలు ఎయిర్ వాళ్ళవి, మాటలు ఎక్కువగా జార్విస్ కాకర్, నీల్ హానన్ అనే ఇద్దరు మగవాళ్ళవి. ఆమె అందంగా గుసగుసలాడింది. 2013 డిసెంబర్‌లో అక్క కేట్ బారీ పోయింది. షార్లోత్ ఊరు వదిలి న్యూయార్క్ వెళ్ళిపోయింది. అక్కడ రాసుకున్న పాటలు 2017 నవంబర్‌లో 'రెస్ట్' పేరుతో వచ్చాయి. ఆల్బమ్ నిర్మాత సెబాస్టియన్ అనే పేరుతోనే ఉన్న వేరే సంగీతకారుడు. ఒక్క 'రెస్ట్' పాటకి మాత్రం గీ-మాన్యుయెల్ ద ఓమెం-క్రిస్టో ఆమెతో కూర్చున్నాడు. తెలియే చేత కోరిక పాడించినవాడే. సింథసైజర్‌లో చిన్న వరస ఒకటి తీసుకుని చుట్టూ తిప్పుతూ ఉంచాడు, దాని మీద దాదాపు ఇంకేమీ పెట్టలేదు. ఆమె గొంతు వాళ్ళమ్మ గొంతంత పలచగా, అంత దగ్గరగా ఉంది. నాతోనే ఉండిపో అని పోయిన మనిషిని అడుగుతోంది. తండ్రి మీద ఉన్న పాటలోనూ, అక్క పేరు పెట్టుకున్న పాటలోనూ, ఈ పాటలోనూ మాటలు ఎక్కువగా షార్లోత్ రాసుకున్నవే.